రసీదు లేని పద్దు

మట్టెవాడ సందుల మూడు షట్టర్లు.
ఒకటి సైకిల్ పంచర్ల చాంద్ పాషాది,
ఒకటి జాకెట్లు కుట్టే ఉమాదేవిది,
మూడోది జిరాక్సు. ఏడాది సంది మూసే ఉన్నది.

ఈ మూడింటి కిరాయే మా ట్రస్టు.
బోర్డు చూసి పెద్దదనుకుంటరు గాని
బీరువా ఒకటి, కుర్చీలు నాలుగు,
లెక్కలు రాసే నేనొకణ్ణి.

గోడకు సాంబలక్ష్మి మేడం ఫోటో.
ముప్పై ఒక్క ఏండ్లు హన్మకొండ టెలిఫోన్ ఎక్స్ఛేంజిల
చెవులకు తీగలు తగిలిచ్చుకొని కూసున్న మనిషి.
ఎవరి పెండ్లి ముచ్చటో, ఎవరి సావు కబురో
పిన్ను ఇక్కడ గుంజి అక్కడ గుచ్చి కలిపింది.
ఆమెకు ఒక్క ట్రంకాల్ వచ్చినట్టు ఎవరికీ యాది లేదు.
వీలునామాల రెండే ముక్కలు:
షట్టర్లు అమ్మొద్దు.
పోతున్న గొంతును పట్టుకునేటోళ్లకు
ఏటా ఒకరికి ఇయ్యుండ్రి.

ఈ ఏడు నలభై మూడు అర్జీలు.
కొన్ని బైండింగు చేసుకొని, రంగు ఫోటోలతోటి,
ఎవరో పెద్దమనిషి సిఫార్సు చిట్టీని
కడుపుల దాసుకొని వచ్చినయి.
ఈసంపెల్లి తిరుమలది ఒక్క పేజీ.
కాకతీయ యూనివర్సిటీ, లేడీస్ హాస్టల్, నాన్ బోర్డర్.

"పర్కాల దిక్కు ఒక మందహెచ్చుల తాత ఉన్నడు.
పేరు పర్వతాలు.
కొయ్యబొమ్మలు ముంగట నిలవెట్టి
తొమ్మిది రాత్రుల కథ చెప్తడు.
ఆరు రాత్రులు నా దగ్గర ఉన్నయి.
మూడు ఇంకా ఆయన దగ్గర్నే ఉన్నయి.
ఆయనకు దగ్గు ఉన్నది."
కింద సంతకం. అంతే.

పరిశోధన పద్ధతి ఎక్కడ రాసింది అని
బ్యాంకు మేనేజరు సారు పేజీ తిరగేసిండు. ఎనక తెల్లగ ఉన్నది.
రిటైరు ప్రొఫెసరమ్మ అద్దాలు తీసి కొంగుతోటి తుడిసి
ఆ ఆఖరి లైను మళ్లొకసారి పైకి సదివింది.

ఇరవై నాలుగు వేలు, రెండు విడతలు.
మొదటి విడత పన్నెండు రోజులు లేటైంది.
శ్రావణం రానియ్యుండ్రి సార్, జాకెట్లొస్తయి
అన్నది ఉమాదేవి. నేనేమంట?
ఈ సంగతి తిరుమలకు చెప్పలే.
ఆ పన్నెండు రోజులు
ఇప్పటికీ నా పుస్తకంల ఏ పేజీలకూ ఎక్కలే.

మార్చిల లెక్క తెచ్చింది.
బస్సు టికెట్లు, గుండుసూదికి గుచ్చి.
మెమరీ కార్డు, రసీదు ఉన్నది.
దగ్గు మందు, ఉన్నది.
బొమ్మలకు సాక పోసిన కల్లు, ముప్పై. రసీదు లేదు.
ఎనిమిదో రాత్రి నడుమ తాత ఏడ్సిండు,
రికార్డింగు ఆపిన, చాయ్, ఇరవై. రసీదు లేదు.
తొమ్మిదో రాత్రి
అని రాసి, పక్కన అంకె లేదు.
అడ్డంగ ఒక గీత.

ఇదేంది బిడ్డా అన్న.
కాలే సార్ అన్నది.
సంచిలకెల్లి తీసి బల్ల మీద పెట్టింది
రెండు వేల నూట అరవై,
నూర్లు నూర్లు ఒక దిక్కు, పదులు ఒక దిక్కు.
మనుమడు ఉన్నడు సార్, పదో తరగతి.
బొమ్మల పెట్టె మోసేటోడు.
తొమ్మిదో రాత్రి మొదలు వస్తదంటడు, ఆఖరు రాదంటడు.
పరీక్షలైనంక రమ్మన్నడు.

ఆడిటరు సారు కల్లు మీద ఎర్ర పెన్నుతోటి సున్న చుట్టిండు.
చాయ్ మీద ఇంకొకటి.
ఆ రెండు వేల నూట అరవైని మిగులు అని రాయమన్నడు.
రాద్దామని పెన్ను మూత తీసిన.
ఎవలకు మిగిలింది?
మూత పెట్టి కిందికి దిగిన.

చాంద్ పాషా ట్యూబును నీళ్ల గిన్నెల ముంచి
జర్రజర్ర తిప్పుతున్నడు.
ఒక్క కాడ సన్నగ బుడగలు లేస్తున్నయి.
అక్కడ బొటనవేలు పెట్టి
తల ఎత్తకుండనే
ఎడమ చేత్తోని కిరాయి ఇచ్చిండు, తడి నోట్లు.

రసీదు రాసియ్యి సార్ అన్నడు.
రాసిచ్చిన.